కంప్యూటర్ ఆటల్లో అంతరిక్షయానం: వాస్తవమెంత?

మీరు ఒక నౌకలో భూమి చుట్టూ తిరుగుతున్నారనుకోండి. అదే కక్ష్యలో కొన్ని కిలోమీటర్ల ముందు మరో నౌక పోతోంది. దాన్ని అందుకోవాలి. ఏం చేస్తారు? రోడ్డు మీద బండి నడిపిన అలవాటు వేగం పెంచమంటుంది. పెంచితే మీ కక్ష్య పెద్దదవుతుంది, ఒక చుట్టు పూర్తి కావడానికి మరింత సమయం పడుతుంది, ముందున్న నౌక ఇంకా దూరమవుతుంది. దాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించాలి. అప్పుడు మీరు కిందికి దిగుతారు, చిన్న చుట్టు త్వరగా పూర్తవుతుంది, ముందున్న నౌక దగ్గరవుతుంది.

1965 జూన్‌లో జెమిని-4 నౌకలోని జేమ్స్ మెక్‌డివిట్, తమను మోసుకొచ్చిన రాకెట్ రెండో దశను చేరుకోవాలని చూశాడు. దానికి గురిపెట్టి అటువైపు తోపుడిచ్చాడు. అది దగ్గర పడకపోగా దూరం జరిగింది. ఇంధనం కరిగిపోతుండటంతో ప్రయత్నం విరమించుకోవలసి వచ్చింది. మెక్‌డివిట్ ఆరితేరిన పైలట్. అయినా గాలిలో విమానం నేర్పిన పాఠం కక్ష్యలో పనికి రాలేదు.

ఇదే పాఠాన్ని హైస్కూలు పిల్లలు ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక సాయంత్రంలో నేర్చుకోగలరు. అంతరిక్షయానాన్ని అనుకరించే ఆటలు చేసిన మేలు ఇది, చిన్న మేలు కాదు. కాని ఇలాంటి ఆటను పొగిడేవారు సాధారణంగా వాడే మాట వేరు: "అచ్చం నిజంలాగే ఉంటుంది" అంటారు. సిమ్యులేషన్ అనే మాటను మనం అనుకరణ అని అనువదిస్తున్నాం. అనుకరణ అన్నాక అది దేనికి అనుకరణ అని అడగాలి. రాకెట్ ఎగరడానికా, రాకెట్లను ఎగరవేసే కార్యక్రమానికా? ఈ రెండూ ఒకటి కావు. మూడు ఆటలను దగ్గర పెట్టుకుని ఈ తేడాను పరిశీలిద్దాం.

న్యూటన్ దగ్గర రాజీ లేదు

మొదటిది ఆర్బిటర్. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ 2000లో దీన్ని ఉచితంగా విడుదల చేశాడు. 2021లో దీని మూల ప్రోగ్రామును కూడా అందరికీ అందుబాటులో పెట్టాడు. ఇది ఒకేసారి అనేక గోళాల ఆకర్షణను లెక్కగడుతుంది. ఇందులో మార్కులు లేవు, శత్రువులు లేరు, గెలుపూ లేదు. నౌకను ఇచ్చి, ఇక మీ ఇష్టం అంటుంది.

రెండోది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థ తయారుచేసింది. 2011లో తొలి రూపం, 2015లో పూర్తి రూపం వెలువడ్డాయి. ఇందులో ట్యాంకులు, ఇంజన్లు, రెక్కలు అతికించి రాకెట్టును మీరే కట్టుకోవాలి. ఆకుపచ్చని బొమ్మ మనుషులను అందులో కూర్చోబెట్టి కెర్బిన్ అనే గ్రహం నుంచి ప్రయోగించాలి. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. కాని 2014లో నాసా, 2020లో యూరపు అంతరిక్ష సంస్థ తమ యాత్రల నమూనాలను ఇందులో చేర్చడానికి సహకరించాయంటే దాని విలువ అర్థమవుతుంది.

చంద్రయాన్-3 చంద్రుణ్ణి చేరడానికి 2023 జూలై 14 నుంచి ఆగస్టు 23 దాకా నలభై రోజులు పట్టింది. అపోలో నాలుగు రోజుల్లో పోయింది కదా, మనకెందుకింత ఆలస్యమని చాలామంది అడిగారు. కెర్బల్ ఆడిన పిల్లవాడు ఈ ప్రశ్న అడగడు. బలహీనమైన ఇంజన్‌తో ఒకే దెబ్బన దూరం పోలేమని అతనికి తెలుసు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా కొద్దిసేపు మండించి, కక్ష్య అవతలి కొసను అంచెలంచెలుగా సాగదీయాలి. నౌక వేగంగా పోతున్నచోట మండించిన ఇంధనానికే ఎక్కువ ఫలితం. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ సూత్రాలు చెప్పే సంగతి ఇక్కడ చేతికి తెలుస్తుంది. ఈ విషయంలో రెండు ఆటలకూ నిండు మార్కులు వేయవచ్చు.

చిన్న గ్రహం, పెద్ద వెసులుబాటు

అయితే కెర్బల్ ఒకచోట ఆటగాడి పట్ల దయ చూపింది. కెర్బిన్ ఉపరితల గురుత్వం భూమిదే. వ్యాసార్ధం మాత్రం 600 కి.మీ. మన భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ. అంత చిన్న గోళానికి అంత ఆకర్షణ ఉండాలంటే దాని సగటు సాంద్రత భూమికి పదిరెట్లకు పైగా ఉండాలి. అది ఆస్మియం లోహం సాంద్రతకు రెండున్నర రెట్లు. అటువంటి గ్రహం ఉండదు. ఆట కోసం సృష్టించారు.

దీనివల్ల ఏం జరుగుతుంది? భూమి చుట్టూ కింది కక్ష్యలో నిలవడానికి సెకనుకు 7.8 కి.మీ. వేగం కావాలి. గాలి నిరోధం, గురుత్వం వల్ల కలిగే నష్టాలను కలుపుకుంటే రాకెట్ సుమారు 9.4 కి.మీ. వేగానికి సరిపడా శ్రమించాలి. కెర్బిన్ దగ్గర కక్ష్యా వేగం 2.3 కి.మీ., మొత్తం శ్రమ 3.4 కి.మీ. మాత్రమే. మూడో వంతే కదా అనుకోకండి. త్సియోల్కోవ్‌స్కీ సమీకరణంలో వేగం ఘాతాంకంలో ఉంటుంది. వాయువులు సెకనుకు 3.1 కి.మీ. వేగంతో వెలువడే ఇంజన్‌ను తీసుకుని లెక్కవేయండి. కెర్బిన్‌పై బయలుదేరిన బరువులో మూడో వంతు కక్ష్య చేరుతుంది. భూమ్మీద చేరేది ఇరవయ్యో వంతు. ఆ ఇరవయ్యో వంతులోనే ట్యాంకులు, ఇంజన్లు, గోడలు, చివరికి ఉపగ్రహం అన్నీ ఇమడాలి. అందుకే దశలు విడగొట్టుకుంటూ పోతాం. 640 టన్నుల ఎల్.వి.ఎం.-3 రాకెట్ కింది కక్ష్యకు చేర్చగలిగేది 8 టన్నులు, అంటే ఎనభయ్యో వంతు.

ఇది ఆటలో తప్పు అని నేననను. గంటలు పట్టే ప్రయాణాన్ని నిమిషాలకు కుదించడానికి తయారీదారులు తెలిసి చేసిన మార్పు. భూమి కొలతలు కావాలనేవారి కోసం ఔత్సాహికులు తయారుచేసిన అదనపు ప్రోగ్రాములూ ఉన్నాయి. కెర్బల్‌లో ఒక సమయంలో ఒకే గోళం ఆకర్షిస్తుంది కాబట్టి, 2024 జనవరి 6న ఆదిత్య-ఎల్1 చేరిన లగ్రాంజ్ బిందువు లాంటి చోటు అందులో లేదు. ఇదీ సరిదిద్దగల లోపమే. అసలు లోటు వేరేచోట ఉంది.

ఎత్తు ఎంతో ఎవరు చెప్పారు?

1969లో అమెరికాలో హైస్కూలు విద్యార్థి జిమ్ స్టోరర్ చంద్రుడిపై దిగే ఆటను రాశాడు. అందులో బొమ్మలు లేవు. ఎత్తు, వేగం, మిగిలిన ఇంధనం అంకెల్లో అచ్చయ్యేవి. ఎంత మండించాలో ఆటగాడు టైపు చేసేవాడు. తర్వాత వచ్చిన ఆటల్లో రంగులు వచ్చాయి, నీడలు వచ్చాయి, దుమ్ము కూడా లేస్తోంది. కాని ఎత్తు, వేగం మాత్రం అప్పటిలాగే తెర మీద సిద్ధంగా ఉంటాయి, ఎప్పుడూ కచ్చితంగా ఉంటాయి.

నిజమైన నౌకకు ఆ అంకె ఎవరిస్తారు? 2023 ఏప్రిల్‌లో జపాన్ ప్రైవేటు సంస్థ ఐస్పేస్ పంపిన హకుటో-ఆర్ ల్యాండర్ చంద్రుడిపైకి దిగుతూ ఒక బిలం అంచును దాటింది. కింద నేల ఒక్కసారిగా సుమారు 3 కి.మీ. లోతుకు పోయింది. ఎత్తు కొలిచే పరికరం ఆ మార్పును సరిగానే కొలిచింది. ఇంత తేడా ఉండదని తలచిన సాఫ్ట్‌వేర్ ఆ కొలతను తోసిపుచ్చింది. నేల దగ్గరికి వచ్చేశానని నౌక నమ్మింది. అప్పటికి అది సుమారు 5 కి.మీ. ఎత్తున ఉంది. ఇంధనం అయిపోయేదాకా నెమ్మదిగా దిగి, తర్వాత పడిపోయింది. ఈ ప్రమాదాన్ని కెర్బల్‌లో మీరు ఎంత ప్రయత్నించినా చేయలేరు. ఎత్తు విషయంలో ఆట మీతో అబద్ధమాడదు.

ఇంజన్ల సంగతీ అంతే. మంగళయాన్ ప్రధాన ఇంజన్ దాదాపు 300 రోజులు నిద్రపోయింది. అది మళ్లీ మండుతుందో లేదో తేల్చుకోవడానికి 2014 సెప్టెంబరు 22న సుమారు 4 సెకన్లు మండించి చూశారు. 24న అంగారక కక్ష్యలో ప్రవేశించేటప్పుడు కబురు భూమికి చేరడానికి 12 నిమిషాలకు పైగా పడుతోంది. కెర్బల్‌లో ఎన్నేళ్ల తర్వాత మీట నొక్కినా ఇంజన్ మండుతుంది, ఆదేశం తక్షణం చేరుతుంది.

2013 నవంబరు 11న అదే మంగళయాన్ వేగాన్ని సెకనుకు 130 మీటర్లు పెంచవలసి ఉండగా 35 మీటర్లే పెరిగింది. ప్రధాన, ప్రత్యామ్నాయ కవాటపు కాయిళ్లు రెండింటినీ ఒకేసారి పనిచేయించి చూస్తుండగా ఇంజన్‌కు ఇంధన ప్రవాహం ఆగిపోయింది. మరునాడే మళ్లీ మండించి లోటు పూడ్చారు. గమనించవలసిందేమిటంటే, అదనపు ఏర్పాటు పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నప్పుడు ఇది జరిగింది. విడిభాగాలు తమంత తాము చెడిపోని ఆటలో అదనపు ఏర్పాట్లకే అర్థం లేదు. అవి వట్టి బరువు. బరువు తగ్గించుకునే ఆటగాడే తెలివైనవాడు. ఇంజనీరింగుకు సంబంధించినంతవరకు ఇది తలకిందుల పాఠం.

బొమ్మలు తక్కువ, నిజం ఎక్కువ

మూడో ఆట పాతది. 1993లో ఇంటర్‌ప్లే సంస్థ విడుదల చేసిన "బజ్ ఆల్డ్రిన్స్ రేస్ ఇన్‌టు స్పేస్". చంద్రుడిపై నడిచిన రెండో మనిషి పేరు దీనికుంది. ఇందులో నౌకను మీరు నడపరు. 1957 నుంచి 1977 దాకా, ఆరు నెలలకొక ఎత్తు చొప్పున, ఒక దేశపు అంతరిక్ష కార్యక్రమాన్ని నడుపుతారు. డబ్బు ఎటు పెట్టాలి? పరికరం భద్రత శాతం పెరిగేదాకా పరిశోధన చేయాలా, లేక ఎదుటి దేశంకన్నా ముందుండటానికి ఇప్పుడే ప్రయోగించాలా? మధ్య మెట్లు దాటవేస్తే ప్రమాదం పెరుగుతుంది. వ్యోమగాములు చనిపోతారు. కక్ష్యాగతిశాస్త్రం ఇందులో శూన్యం. అయినా కార్యక్రమం అంటే ఏమిటో మూడింటిలోకీ ఎక్కువగా చెప్పేది ఇదే.

కాని ఇక్కడా ఒక లోటుంది. ఇందులో వైఫల్యం పాచికల మీద ఆధారపడుతుంది. అంకె తప్పితే రాకెట్ పేలుతుంది, ఎందుకు పేలిందో అడగడానికి లేదు. కెర్బల్‌లో వైఫల్యానికి కారణం ఉంటుంది, అనిశ్చితి ఉండదు. ఈ ఆటలో అనిశ్చితి ఉంది, కారణం లేదు. నిజమైన కార్యక్రమంలో రెండూ ఉంటాయి. ముందు తెలియదు, తర్వాత తెలుసుకోక తప్పదు.

2019 సెప్టెంబరు 7న విక్రమ్ కూలిపోయింది. అయిదు ఇంజన్లూ అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడునిచ్చాయి, తప్పులు పేరుకున్నాయి, వాటిని త్వరగా సరిదిద్దుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో లేదు. దిగవలసిన స్థలం 500 మీటర్ల చదరం. ఇవన్నీ వెలికితీశాకే చంద్రయాన్-3 రూపుదిద్దుకుంది. మధ్య ఇంజన్ తీసేశారు, కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజరు పరికరం చేర్చారు, దిగే స్థలాన్ని 4 కి.మీ. పొడవు, సుమారు రెండున్నర కి.మీ. వెడల్పుకు విస్తరించారు. ఏమేం విఫలం కావచ్చునో ఊహించి, వాటిని తట్టుకునేలా రూపొందించామని ఇస్రో అప్పటి అధ్యక్షుడు సోమనాథ్ వివరించారు. ఇందుకు నాలుగేళ్లు పట్టింది. ఆటలో వెనక్కి వెళ్లే మీట నొక్కడానికి అరక్షణం చాలు.

ఓడించడానికే ఒక అనుకరణ

నిజమైన కార్యక్రమాలకూ అనుకరణే ఆధారం కదా అని మీరడగవచ్చు. నిజమే. కాని దాని ఉద్దేశం వేరు. అపోలో రోజుల్లో హ్యూస్టన్‌లో కృత్రిమ చిక్కులు సృష్టించి నియంత్రణ బృందాన్ని తికమక పెట్టడమే ఉద్యోగంగా ఉన్నవారుండేవారు. 1969 జూలై మొదట్లో వారు దిగుడు సాధనలో కంప్యూటర్ అలారం ఒకటి మోగించారు. దాని అర్థం తెలియక స్టీవ్ బేల్స్ యాత్ర రద్దు చేయమన్నాడు. రద్దు అవసరం లేదని తర్వాత తేలింది. దాంతో అలారాలన్నింటికీ అర్థాలు రాయించారు. జాక్ గార్మన్ చేతిరాత జాబితా తయారైంది. జూలై 20న చంద్రుడి పైన 1202 అలారం మోగినప్పుడు, ముందుకు సాగవచ్చని కొన్ని క్షణాల్లో చెప్పగలిగారు. ఆ అనుకరణ ఆటగాణ్ణి ఓడించడానికి తయారైంది. మార్కెట్లో దొరికేది ఆటగాణ్ణి గెలిపించడానికి తయారవుతుంది.

శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న బయలుదేరిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 12న 3 మీటర్ల దగ్గరికి వచ్చి, వెనక్కి జరిగాయి. కొలతలన్నీ పరిశీలించాక 16న కలిశాయి. ఆటలో 3 మీటర్ల దాకా వచ్చినవారు వెనక్కి జరుగుతారా?

కాబట్టి పిల్లల చేత ఈ ఆటలు మాన్పించకండి. న్యూటన్ కోసం కెర్బల్, ఓపిక ఉంటే ఆర్బిటర్ ఆడనివ్వండి. కాకపోతే మూడు నియమాలు పెట్టుకోమనండి. కెర్బల్‌లో కఠిన స్థాయి ఎంచుకుంటే ప్రయోగాన్ని వెనక్కి తిప్పడం, దాచుకున్న చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం కుదరవు. అందులోనే ఆడాలి. పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోవాలి. అతడు తనకు తోచినప్పుడు "ఈ ఇంజన్ పోయింది" అనో, ఎత్తు కనిపించే చోట కాగితం ముక్క అంటించి "ఇక లెక్కవేసుకో" అనో అంటాడు. కూలిన ప్రతి నౌకకూ కారణం నోటుపుస్తకంలో రాసిన తర్వాతే రెండో రాకెట్ కట్టాలి. ఆట కాస్త నెమ్మదిస్తుంది. నిజమైన కార్యక్రమాలు నెమ్మదిగా ఎందుకు నడుస్తాయో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.