తొలి కలం రాజమండ్రిదైతే

పాపికొండలు దాటి వచ్చిన గోదావరి ఒడ్డున, రాజమండ్రిలో, 1932లో రత్నం పెన్నుల తయారీ మొదలైంది. స్వదేశీ వస్తువు చెయ్యమన్న గాంధీజీ మాట పట్టుకుని కె.వి. రత్నం తలపెట్టిన పని అది. 1935లో ఆ కలాన్ని మెచ్చుకుంటూ గాంధీజీ ఉత్తరం రాశారు.

ఈ పెన్నుల కోసం ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పుతూ, ఉలి చేత్తో ఆనించి చెక్కుతారు. మూతకు మరలు కోస్తారు, మెరుగు పెడతారు. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే ఎబొనైట్. తేలిగ్గా ఉంటుంది, లోహంలా చల్లగా తగలదు. కొత్తగా ఇంకుపెన్ను పట్టేవారికి ఎంతో హాయి.

కొనేముందు మూత తీసి నాలుగు వాక్యాలు రాసి చూడండి. వేళ్లు ఆనే చోటు మరీ సన్నగా ఉంటే కాసేపటికే చెయ్యి లాగుతుంది. పాళీ నొక్కకుండానే రాయాలి. మన గుడులు, ఒత్తులు పూడిపోకుండా సన్నపాళీ మేలు. సిరా నేరుగా గొట్టంలో పోసే పెన్నయితే అడుగంటకముందే నింపుకోండి. లేకుంటే చేతి వేడికి లోపలి గాలి పెరిగి సిరా కక్కుతుంది.

బడిపిల్లలకైనా, మీ ఇంటి పిల్లలకైనా ఈసారి బహుమతిగా ఇలాంటి చేతిపని కలం ఇవ్వండి. చేసే చెయ్యీ నిలుస్తుంది, రాసే చెయ్యీ కుదురుతుంది.