రెండో వల

బోటి కడగడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పేగును పుల్లతో తిరగేసి, వేడినీళ్లు పోసి, ఉప్పూ పసుపూ పట్టించి, జిగురు వదిలేదాకా రుద్దడమే. ఆ జిగురుకూ కండకూ మధ్య ఇంకేదైనా ఉందా అని ఎవరు చూడొచ్చారు? చివరికి నా బతుకుతెరువు ఆ సందులోనే దొరికింది.

ల్యాబులో పంది పేగు ముక్కను నిలువునా చీల్చి, అడుగున మెత్తటి సిలికాన్ పోసిన గాజు పళ్లెంలో పరుస్తాం. చుట్టూ సన్నటి సూదులు గుచ్చి బిగలాగుతాం. ఒక్క ముడత మిగిలినా పని చెడినట్టే. ఆపైన మైక్రోస్కోపు కింద, వాచీ రిపేరువాళ్ల చేతిలో ఉండేలాంటి పట్టకారుతో పొరలు లేపాలి. నిలువు కండరం, దాని కింద గుండ్రటి కండరం. ఆ రెంటి నడుమ అవర్‌బాఖ్ నరాల వల. పేగు కదలికలు చూసేది ముఖ్యంగా అదే. ఇంకా లోపల, జిగురుపొర కింద మరో వల ఉందని మైస్నర్ అనే శాస్త్రవేత్త 1857లోనే రాశాడు.

నేను పని నేర్చింది గినీపిగ్ మీద. (పేరులో పిగ్ ఉందే గానీ పందితో చుట్టరికం లేదు.) దానికి ఆ లోపలి వల ఒకే వరుస. అదే అలవాటుతో పంది పేగు పట్టాను. గుండ్రటి కండరాన్ని ఒక్క గుంజుడుకు ఒలిచి చెత్తబుట్టలో వేశాను. మిగిలిన పొరకు రంగు పట్టిస్తే నరాల కణాల గుత్తులు చక్కగా తేలాయి. మురిసిపోయాను. మా సార్ తొంగిచూసి, "రెండోది ఏదయ్యా?" అన్నారు.

మనిషికిలాగే పందికీ అక్కడ ఒకటికి మించి వలలు. షాబడాష్ పేరుతో పిలిచేది కండరాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. కండరంతోపాటే బుట్టలోకి వెళ్లిపోయింది.

కొందరు పసికందులకు పుట్టుకతోనే పేగు చివర ఈ నరాల కణాలు ఉండవు. దాన్ని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బంటారు. మలం కిందికి దిగదు, పొట్ట ఉబ్బుతుంది. చిన్న ముక్క తీసి చూసి, కణాలు లేవని తేల్చాకే ఆ భాగం కోసేస్తారు. "లేవు" అనే మాట రాయాల్సివచ్చే ఆ డాక్టరు గుర్తొస్తే నా వేళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఇప్పుడు కండరాన్ని గుంజను. పోగు వాలు చూసుకుని, చేపలో ముల్లు ఏరినట్టు, ఒక్కో పోగూ తీస్తాను. అరచేయంత ముక్కకు పూటంతా పడుతుంది. తీసిన పోగుల్ని పారేయకుండా పక్కన గిన్నెలో ఉంచుతాను, రంగు తేలేదాకా.