తిప్పినప్పుడు పేజీ చేయాల్సిన పని

ఈ వారం ఓ బస్సు టికెట్ల సైటు నన్ను బాగా విసిగించింది. సీట్ల పటం చిన్నగా ఉందని ఫోన్ అడ్డంగా తిప్పాను. సీట్లు మాయమై, ఫోన్‌ను నిలువుగా పట్టుకోమన్న ముక్క ఒక్కటే తెర నిండా మిగిలింది. చక్రాల కుర్చీకి ఫోన్‌ను అడ్డంగా బిగించుకుని వాడేవాళ్లున్నారు. వాళ్లెలా తిప్పాలి? 2018లో వచ్చిన వెబ్ అందుబాటు ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ 2.1లో 1.3.4 నియమం అడ్డుకునేది దీన్నే. పియానో వాయించే యాప్ లాంటి తప్పనిసరి సందర్భాల్లో తప్ప, పేజీని ఒకే దిశకు కట్టేయకూడదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే. ఫోన్ ఎటు తిరిగిందో పేజీ ఆరా తీయక్కర్లేదు, తనకు దొరికిన చోటెంతో చూసుకుంటే చాలు. పాతకాలపు విండో.ఓరియంటేషన్ 0, 90, మైనస్ 90 అంటూ కోణం చెబుతుంది. 0 అంటే నిలువే అనుకుని రాసిన కోడు, అడ్డంగా వాడేందుకే తయారైన టాబ్లెట్ మీద తప్పుతుంది. ఓరియంటేషన్‌చేంజ్ కబురు అందగానే వెడల్పు కొలిస్తే, కొన్ని బ్రౌజర్లలో పాత కొలతే వచ్చేది.

సీఎస్ఎస్ మీడియా క్వెరీ కోణం జోలికి పోదు. ఎత్తు వెడల్పుకు సమానమైనా, ఎక్కువైనా పోర్ట్రెయిట్, లేదంటే ల్యాండ్‌స్కేప్. ఇందులోనూ ఓ తిరకాసుంది. చాలా ఏళ్ల కిందట పరీక్షించిన ఓ దరఖాస్తు ఫారం నాకింకా గుర్తే. ఆండ్రాయిడ్ ఫోన్ నిలువుగానే ఉంది. పేరు రాద్దామని గడిలో వేలు పెట్టగానే కీబోర్డు లేచి సగం ఎత్తు తినేసింది. మిగిలిన చోటులో ఎత్తు కన్నా వెడల్పే ఎక్కువ. దాంతో ఫోన్ అడ్డం తిరిగిందని పేజీ తేల్చేసి, నిలువుగా పట్టుకోమంటూ ఫారాన్ని కప్పేసింది. గడి కనుమరుగవగానే కీబోర్డు దిగింది, ఎత్తు తిరిగొచ్చింది, హెచ్చరిక పోయింది. మళ్లీ వేలు, మళ్లీ కీబోర్డు, మళ్లీ హెచ్చరిక. ఎంతసేపు చూసినా పేరులో మొదటి అక్షరం పడలేదు. 2022 చివర్లో వచ్చిన క్రోమ్ 108 నుంచి, కీబోర్డు లేచినా పేజీ కొలత మారకుండా చేశారు. అప్పటిదాకా ఎన్ని ఫారాలు సగంలో ఆగిపోయాయో!

ఇదంతా చూస్తే తిప్పడాన్ని గుర్తించే కోడు మొత్తం పీకి పారేయాలనిపిస్తుంది. పారేయకండి. పొడుగాటి వ్యాసం చదువుతూ మధ్యలో ఫోన్ తిప్పి చూడండి. వరుసలు కొత్తగా విరుగుతాయి, చదువుతున్న పేరా ఎక్కడికో జారిపోతుంది. పేజీ చక్కగా సర్దుకున్నా చదివే మనిషి దారి తప్పుతాడు. కొలత మారినప్పుడల్లా పేరాను వెనక్కి లాగుదామంటే కుదరదు. అడ్రస్ బార్ దాక్కున్నా, కొన్నిచోట్ల కీబోర్డు లేచినా కొలత మారొచ్చు. అప్పుడు పేజీని కదిపితే మరీ చిరాకు. కొలత ఎందుకు మారిందో చోటు చూసి చెప్పలేం. స్క్రీన్.ఓరియంటేషన్ చెబుతుంది, కీబోర్డుతో దానికి పని లేదు. 2023లో సఫారీ 16.4 కూడా దాన్ని అందుకుంది.

చేయాల్సింది కొంచెమే. స్క్రోల్ ఆగినప్పుడల్లా తెర పైభాగాన ఏ పేరా ఉందో గుర్తుంచుకోవాలి, తిరిగాక వెతికితే ఆలస్యమైనట్టే. ఫోన్ తిరిగిందన్న కబురు రాగానే కొత్త కొలతలు కుదిరేదాకా ఆగి, అదే పేరాను మళ్లీ పైకి తేవాలి. పేజీ ఆకారాన్ని చోటుకే వదిలేయండి. తిరగడాన్ని గుర్తించే కోడు మాత్రం చదివేవాళ్ల కోసం ఉండాల్సిందే.