తాడు కుదపని చేయి

రొయ్యల గుంటలో చెక్ ట్రే ఎత్తే మనిషి చేతుల్ని దగ్గర నిలబడి చూడాలి. సముద్ర తీరాన ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఏ గట్టెక్కినా ఆ పని కనబడుతుంది. నీళ్లలోకి వేసిన చిన్న కర్రవంతెన, దాని చివర తాడు, తాడుకు వలబట్ట బిగించిన పళ్లెం. లాగేటప్పుడు తాడు కుదపడు. కుదిపితే రొయ్యలు ఎగిరిపోతాయి, మిగిలిన మేత చెదిరిపోతుంది; చూడవలసిందంతా నీళ్లపాలు.

ముందు మేత చూస్తాడు: రెండు గంటల కింద వేసిందాంట్లో ఏమైనా మిగిలిందా? తర్వాత ఒక రొయ్యను తీసి వెలుతురుకు పడతాడు. వీపు పొడవునా పేగు తెగని గీతలా ఉంటే కడుపు నిండినట్టు, ముక్కలుగా కనబడితే అరకొర. పెంకు మెత్తబడిందా, మీసం తెగిందా, తలపెంకు మీద తెల్లచుక్క ఉందా? “ఎట్టుందిరా మేత?” అని గట్టు మీంచి రైతు అడిగితే “ట్రే ఊడ్చేసినాయన్నా” అంటాడు. తర్వాతి పూట మేత పెంచాలా, తగ్గించాలా అన్నది ఆ ఒక్క మాటతో తేలుతుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే.

ఈ చూపు ఎంత భయం నడుమ నిలుస్తుందో తలుచుకుంటే నాకు ఆశ్చర్యం తగ్గదు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరంలో టైగర్ రొయ్యల గుంటల్ని తుడిచిపెట్టింది. 2009 తర్వాత టైగర్ స్థానంలో వెనామీ రకం రొయ్య వచ్చింది కానీ ఆ వైరస్ పోలేదు. పట్టిందంటే పది రోజుల్లోపే గుంట ఖాళీ.

భయపెట్టే బొమ్మ ఎదురుగా ఉంటే చేతిలో పని మందగిస్తుంది. పరిశోధకులు శ్రీకాంత్ పద్మాల, లూయిజ్ పెసోవా బృందం 2017లో దీన్ని చక్కగా పరీక్షించింది. పరీక్షకు కూర్చున్నవాళ్లు తెర పక్కల రెండు గీతలు ఒకే వాలులో ఉన్నాయో లేదో చెప్పాలి. నడుమ మాత్రం కలవరపెట్టే ఫొటో. త్వరగా, సరిగా చెబితే డబ్బొస్తుందని ముందే గుర్తు చూపినప్పుడు ఆ ఫొటో చేసే చెరుపు తగ్గింది. ఆశను ఫొటో కంటే ముందు పెట్టడం ఆ పరీక్షలోని పనితనం. మనసు ముందే సిద్ధపడి ఉంటుంది.

గుంట దగ్గర లెక్క అంత తేలిక కాదు. ఆ పరీక్షలో డబ్బు వేరు, బొమ్మ వేరు. ఇక్కడ లాభనష్టాలూ కలవరమూ ఒకే రొయ్యలో ఉన్నాయి. పోతుందేమోనన్న దిగులుతో చూసేవాడికి నీటిబొట్టు మెరుపు కూడా తెల్లమచ్చలాగే కనబడవచ్చు. చెక్ ట్రే గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది. ఎకరాల నీటి కింద కనబడకుండా ఉన్న నష్టాన్ని అది చేతికందే పళ్లెంలోకి తెచ్చి, కళ్లకు వరుసగా పనులు అప్పగిస్తుంది. మేత, పేగు, పెంకు, మీసం. వరుస తప్పనివాడికి దిగులు తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

తెల్లారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, ఏరేటర్ల హోరులో, ట్రేలో ఒక రొయ్య నీరసంగా కనబడిందనుకోండి. అనుభవమున్నవాడు కేక పెట్టడు. ఒక్క ట్రేతో తీర్పు చెప్పడు. దాన్ని ఎత్తినంత నెమ్మదిగానూ దించి, గట్టు చుట్టూ నడిచి రెండోది ఎత్తుతాడు, మూడోది ఎత్తుతాడు. చివరి ట్రే నీళ్లలోకి దిగాకే రైతుకు ఫోన్ చేస్తాడు.