కబురు రాకపోయినా ధర చూపే పనితనం

ఆకివీడులో చెరువు గట్టు మీద రొయ్యల రైతు ఫోన్‌లో ఓ పేజీ తెరుస్తాడు. కౌంటు ధర, వాన సూచన, మేత లెక్క వేర్వేరు చోట్ల నుంచి రావాలి. ఆ పేజీని నడిపే జావాస్క్రిప్టు ఒకసారికి ఒక పనే చేస్తుంది. అయినా తెలివైన టిఫిన్ హోటల్ సప్లయర్‌లా ఆర్డర్లన్నీ లోపలికి కేకేసి, దేనికోసమూ నిలబడిపోదు. పేజీ కదలకుండా వెనకాలే డేటా అడిగే ఈ వెసులుబాటు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. ఆ డేటాను మోసుకొచ్చే పాత పద్ధతి హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్లు ఒక్కో సర్వర్‌కు మామూలుగా 6 కనెక్షన్లే తెరుస్తాయి. 2015 నాటి హెచ్‌టీటీపీ 2 ఒకే కనెక్షన్‌లో అనేక ఆర్డర్లు నడిపింది.

వేగం సరే, నాకు ముచ్చటేసేది మరొకటి. ఈ కబుర్లన్నిటి కోసం ఎదురుచూసే కోడ్‌లో ‘ప్రామిస్.ఆల్’ అని రాస్తే ఒక్క కబురు తప్పినా మొత్తం తప్పినట్టే. ‘ఆల్‌సెటిల్డ్’ వాడిన పనివాడు మాత్రం సిగ్నల్ అందీ అందని వేళ, వాన సంగతి రాకపోయినా ధర చూపించేస్తాడు. రైతు బేరానికి దిగుతాడు.