భయమే సాక్ష్యమా?

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడి, పాఠకులను కట్టిపడేసింది. పసిబిడ్డపై చేతబడి, కన్నవారి వేదన ఇందలి ఇతివృత్తం. ఆ వేదనను చిత్రించటంలో రచయిత కృతకృత్యుడయ్యాడు. వైద్యానికీ మంత్రానికీ సమాన స్థానమిచ్చి ఉత్కంఠ నిలిపాడు.

లోపమల్లా ఒకటే. నవలలో దోషి ఎవరో పాఠకునికి ముందే తెలుసు. నిజజీవితంలో ఉండేది అనుమానం మాత్రమే. తెలంగాణ పల్లెల్లో బాణామతి నెపంతో నిరపరాధులను కొట్టి చంపింది ఆ అనుమానమే.

దివ్య ఖుర్ఆన్‌లోని ఫలఖ్ సూరా ముడులపై మంత్రించి ఊదేవారి కీడు నుండి ప్రభువు శరణు వేడుకోమంటుంది. వారెవరో వెతికి పట్టుకోమనదు. హుజురాత్ సూరా (49:12) అతిగా అనుమానించటాన్ని వారిస్తుంది. బిడ్డ జబ్బుపడితే తల్లిదండ్రులు భయపడటం సహజం. ఆ భయాన్నే సాక్ష్యంగా చేసుకొని పొరుగువానిపై నింద మోపటం దౌర్జన్యం. ఈ విచక్షణను ‘తులసిదళం’ పాఠకునికే వదిలివేసింది.