కాన్పు గదిలో చవక బేరం

కాన్పయ్యాక చెడ్డ రక్తం ఎంత పోతే అంత మంచిదని మొన్న మా వీధి బారసాలలో ఓ పెద్దావిడ సెలవిచ్చింది. బాలింత తలూపింది. నాకు ఒళ్లు మండింది. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా నెత్తురు పారుతుంది. మాయ పడ్డాక సంచి బిగుసుకుంటేనే ఆ దారులు మూసుకుంటాయి. లేదంటే మంచి రక్తమూ చెడ్డ రక్తమూ అంతా పోతుంది.

వెనకటికి మంత్రసాని తడిసిన గుడ్డల్ని లెక్కబెట్టేది. మా మంగళగిరి మగ్గాల ఊరు, పాత నేత చీరలకు కొదవా? ఏ చీర ఎంత పీల్చుకుందో మాత్రం ఎవరికీ తెలియదు. పానకం బిందె ఎంతదైనా మా ఊరి పానకాలస్వామి సగమే తాగుతాడన్నట్టు, ఎంత పోయినా 'కాస్త పోయింది' అనేవారు. ఆసుపత్రి కళ్లూ అంతే. కర్ణాటకలోని బెళగావిలో కాన్పయిన తల్లి కింద కొలత గీతల ప్లాస్టిక్ సంచి పరిచి కొలిస్తే, కంటి అంచనా మూడో వంతు తక్కువని తేలింది. 2006 నాటి మాట. అక్కడి పల్లెల్లోనే ఏఎన్ఎం నర్సులు గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలు మింగించి, అధిక రక్తస్రావాన్ని నూటికి 12 నుంచి 6.4కు దించారు. అదే పని చేసే సూది మందు ఆక్సిటోసిన్‌ను 2-8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. మన మే నెల ఎండల్లో, కరెంటు పోతే? మాత్రకా బెడద లేదు.

చవక వైద్యమంటే నాకు భలే మోజు. అందుకే 2023లో ఆఫ్రికా నుంచి వచ్చిన కబురు నాకు పండగైంది. నాలుగు దేశాలు, 80 ఆసుపత్రులు. అలాంటి గీతల సంచిలోనే నెత్తురు 500 మి.లీ. గీత దాటగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి.

ఘనతంతా సంచిదే అని రాసేద్దామనుకున్నాను. కానీ యూరప్‌లోని 13 దేశాల్లో ఉత్త సంచి ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2010లో తేలింది. గీత దాటిందని చూసే మనిషి ఉండాలి. డాక్టరమ్మ వచ్చేదాకా ఆగకుండా సూది వేసే అధికారం ఆ మనిషికి ఉండాలి. మన మంగళగిరికి ఎయిమ్స్ వచ్చింది, సంతోషం. నెత్తురు ఆగాల్సింది మాత్రం 108 వచ్చేలోపు, పీహెచ్‌సీ కాన్పు గదిలోనే.

చవక లెక్కల్లో సంచి ధర, మాత్ర ధర చకచకా వేస్తారు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా కాన్పులు చూసే నర్సుకు తోడు ఇంకో నర్సును వేయాలంటే నెలనెలా జీతం ఇవ్వాలి, అది చవక కాదు. నన్నడిగితే ముందు ఆ ఖర్చే పెట్టమంటాను. సంచులు తర్వాత కొనుక్కోవచ్చు.